కంపెనీకి కొత్త పేరు.. ఒంటికి కొత్త గుబులు

గేటు మీద బోర్డు మారుతుంది. మెడలో ఐడీ కార్డు రంగు మారుతుంది. ఈమెయిల్‌ చిరునామా మారుతుంది. కొత్త లోగో ఉన్న టీషర్టు, కాఫీ కప్పు చేతికొస్తాయి. బయటి నుంచి చూస్తే సాఫ్ట్‌వేర్‌ కంపెనీ పేరు మారటమంటే ఇంతే. కానీ లోపల పనిచేసేవారికి ఆ కొద్ది నెలలు అంత తేలికగా గడవవు. ‘మారేది పేరేనా? మనుషులను కూడా మారుస్తారా?’ అనే అనుమానం లోలోపల తొలుస్తుంటుంది. రాత్రిళ్లు నిద్ర పట్టదు. కడుపులో మంట. నిన్నటి దాకా అదుపులో ఉన్న బీపీ పైకెక్కుతుంది. ఉద్యోగం పోలేదు, జీతం తగ్గలేదు. అయినా ఒంట్లో ఏదో తేడా! ఎందుకిలా? ఇలాంటి సమయంలో ఉద్యోగి ఏం చేయాలి? ఇంట్లోవారు ఎలా మెలగాలి?

పేరు మార్పులన్నీ ఒకటి కావు

ముందుగా గుర్తుంచుకోవాల్సింది ఇదే. కంపెనీల పేర్లు రకరకాల కారణాలతో మారుతుంటాయి. కొన్నిసార్లు వ్యాపారం పెరిగి పాత పేరు ఇరుకైపోతుంది. హైదరాబాద్‌కు చెందిన ఇన్ఫోటెక్‌ ఎంటర్‌ప్రైజెస్‌ 2014లో సైయెంట్‌గా మారింది. అంతకుముందు 2001 జనవరి 1న ఆండర్సన్‌ కన్సల్టింగ్‌ కాస్తా యాక్సెంచర్‌ అయ్యింది. అయితే అక్కడ కారణం వేరు, తోటి సంస్థతో తెగతెంపులు కావటంతో పాత పేరు వదులుకోవాల్సి వచ్చింది. ఇలాంటి చోట్ల ఉద్యోగుల రోజువారీ పనిలో వచ్చే తేడా సాధారణంగా తక్కువే.

ఇంకొన్నిసార్లు రెండు సంస్థలు కలిసి కొత్త పేరు పెట్టుకుంటాయి. సీఎస్‌సీ, హ్యూలెట్‌ ప్యాకర్డ్‌ ఎంటర్‌ప్రైజ్‌ సేవల విభాగం కలిసి 2017లో డీఎక్స్‌సీ టెక్నాలజీగా అవతరించాయి. ఎల్‌ అండ్‌ టీ ఇన్ఫోటెక్‌, మైండ్‌ట్రీ 2022 నవంబరులో ఎల్‌టీఐమైండ్‌ట్రీ అయ్యాయి. విలీనమంటే ఒకే పనికి రెండు బృందాలు ఉండొచ్చు. ఇద్దరు మేనేజర్లలో ఒకరే మిగలొచ్చు. కాబట్టి ఇక్కడ ఆందోళన ఎక్కువగా ఉండటంలో ఆశ్చర్యమేమీ లేదు.

పేరు మార్పుకూ ఉద్యోగాల కోతకూ నేరుగా లంకె ఉందని అనుకోవటానికీ లేదు. ఫేస్‌బుక్‌ మాతృసంస్థ 2021 అక్టోబరులో మెటాగా మారింది. అక్కడ 11 వేల మందికి పైగా ఉద్యోగాలు పోయింది ఏడాది తర్వాత, 2022 నవంబరులో. కొవిడ్‌ కాలంలో అతిగా నియమించుకోవటం దానికి ఒక ముఖ్య కారణమని సంస్థే చెప్పింది. ట్విటర్‌లోనైతే ముందు యజమాని మారారు, ఆ వెంటనే దాదాపు సగం మందిని తీసేశారు. ఎక్స్‌ అనే పేరు వచ్చింది ఆ తర్వాత ఎనిమిది నెలలకు. అంటే చూడాల్సింది బోర్డు మీది పేరును కాదు. దాని వెనకున్న కారణాన్ని. మన కంపెనీలో పేరు ఎందుకు మారుతోందన్నది తెలిస్తే భయాల్లో కొన్ని అక్కడే తొలగిపోతాయి. మిగిలిన వాటికి సిద్ధం కావటానికి దారి దొరుకుతుంది.

మన కళ్ల ముందే జరిగింది

తెలుగువారికి ఇది కొత్తేమీ కాదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్‌ వ్యవస్థాపకుడు లెక్కల్లో వేల కోట్ల రూపాయల గోల్‌మాల్‌ జరిగిందని లేఖలో ఒప్పుకొన్నారు. హైదరాబాద్‌లో ఎన్నో ఇళ్లలో ఆ పూట పొయ్యి వెలగలేదంటే అతిశయోక్తి కాదు. ప్రభుత్వం పాత బోర్డును రద్దు చేసి కొత్త డైరెక్టర్లను నియమించింది. ఏప్రిల్‌లో టెక్‌ మహీంద్రా ఆ సంస్థను దక్కించుకుంది. జూన్‌లో పేరు మహీంద్రా సత్యం అయ్యింది. చివరికి 2013లో టెక్‌ మహీంద్రాలో పూర్తిగా కలిసిపోయింది.

పేరు మారిన ఆ జూన్‌లోనే చేతిలో ప్రాజెక్టు లేని వేలాది మందిని ‘వర్చువల్‌ పూల్‌’లో పెట్టారు. ఆఫీసుకు వెళ్లక్కర్లేదు. బేసిక్‌ జీతం, పీఎఫ్‌, వైద్య బీమా ఉంటాయి. కొన్ని నెలల్లో ప్రాజెక్టు దొరికితే సరి, లేకపోతే లేదు. ఉద్యోగం ఉన్నట్టా? పోయినట్టా? అటూ ఇటూ కాని ఈ స్థితే మనిషిని ఎక్కువగా నలిపేస్తుంది. అప్పట్లో ఇంటి అప్పు వాయిదాలు కడుతున్నవారు, పెళ్లి సంబంధాలు ఖాయం చేసుకున్నవారు అనుభవించిన వేదన ఇంతా అంతా కాదు. అయితే మరో మాట కూడా చెప్పుకోవాలి. ఆ సంస్థ మూతపడలేదు. అందులో చాలామంది కొత్త పేరుతో ఏళ్ల తరబడి అక్కడే పనిచేశారు.

తెలియకపోవటమే అసలు బాధ

చెడు జరుగుతుందని కచ్చితంగా తెలిస్తే ఎక్కువ బాధా? జరుగుతుందో లేదో తెలియకపోతే ఎక్కువ బాధా? లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్‌ పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగం దీనికి ఆసక్తికరమైన జవాబు చెప్పింది. కంప్యూటర్‌ ఆటలో రాయి కింద పాముంటే చేతికి చిన్న కరెంటు షాక్‌ తగిలేలా ఏర్పాటు చేశారు. షాక్‌ తప్పదని కచ్చితంగా తెలిసినప్పటి కన్నా.. తగలటానికీ తగలకపోవటానికీ సమాన అవకాశం ఉన్నప్పుడే ఒత్తిడి అత్యధికంగా ఉన్నట్టు తేలింది. చెమట, కంటిపాప పరిమాణం వంటివి కొలిచి చూసినా ఇదే కనిపించింది.

ఆఫీసుల్లోనూ ఇంతే. బ్రిటన్‌లో 1985లో మొదలైన వైట్‌హాల్‌-2 అధ్యయనం పది వేల మందికి పైగా ప్రభుత్వ ఉద్యోగులను ఏళ్ల తరబడి పరిశీలిస్తూ వచ్చింది. మధ్యలో అందులోని ఒక విభాగాన్ని ప్రైవేటుపరం చేయాలని నిర్ణయించారు. పరిశోధకులకు అనుకోని అవకాశం దొరికింది. ఆ విభాగం వారిని మిగతా వారితో పోల్చి చూస్తే, ఉద్యోగాలు పోకముందే.. మార్పు రాబోతోందని ఎదురుచూస్తున్న దశలోనే ఆరోగ్యం దెబ్బతిన్నట్టు బయటపడింది. మగవారిలో ఇది మరింత స్పష్టంగా కనిపించింది.

కాబట్టి ‘ఇంకా ఏమీ జరగలేదు కదా, ఎందుకంత కంగారు?’ అని ఎవరైనా అంటే అది నిజం కాదు. ఒంటికి సంబంధించినంత వరకూ జరగటం అప్పటికే మొదలైంది.

ఒంట్లో ఏం జరుగుతుంది?

ముప్పు ఎదురైనప్పుడు శరీరం పోరాటానికో, పారిపోవటానికో సిద్ధమవుతుంది. అడ్రినలిన్‌, కార్టిసాల్‌ హార్మోన్లు పెరుగుతాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. రక్తంలోకి ఎక్కువ గ్లూకోజు విడుదలవుతుంది. కుక్క వెంటపడినప్పుడు ఇది ప్రాణాలు కాపాడుతుంది. కుక్క వెళ్లిపోతే అన్నీ సర్దుకుంటాయి. కానీ ‘వచ్చే నెల టౌన్‌హాల్‌ మీటింగులో ఏం చెబుతారో’ అనే భయం వెళ్లిపోదు. వారాలు, నెలల పాటు అలాగే ఉంటుంది. ఫలితంగా..

* నిద్ర పట్టకపోవటం, తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చి మళ్లీ కునుకు రాకపోవటం.
* కడుపులో మంట, ఉబ్బరం, మాటిమాటికీ విరేచనానికి వెళ్లాల్సి రావటం.
* మెడ, భుజాలు పట్టేయటం, తలనొప్పి, నిద్రలో పళ్లు కొరకటం.
* మధుమేహం, అధిక రక్తపోటు ఉన్నవారిలో అవి అదుపు తప్పటం.
* చిన్న మాటకే విసుక్కోవటం, పిల్లల మీద అరవటం, మతిమరుపు, పనిలో పొరపాట్లు.

ఉద్యోగ అభద్రతకూ గుండెజబ్బుకూ సంబంధం ఉందా అన్నదీ పరిశీలించారు. 2013లో బ్రిటిష్‌ మెడికల్‌ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ 1.7 లక్షల మందికి పైగా ఉద్యోగుల వివరాలను ఒకచోట చేర్చింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనని భయపడేవారికి గుండెజబ్బు ముప్పు కాస్త ఎక్కువేనని గుర్తించింది. అయితే ఈ పెరుగుదల కొంచెమే. అందులోనూ కొంత భాగం ఆర్థిక ఇబ్బందులు, పొగ తాగటం, అధిక బరువు వంటి వాటి వల్లేనని తేలింది. అంటే మన చేతిలో ఉన్నవి సరిదిద్దుకుంటే ముప్పును చాలావరకు తగ్గించుకోవచ్చన్నమాట.

మన ఐటీ ఉద్యోగుల విషయంలో జాగ్రత్త మరింత అవసరం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2023లో ప్రచురించిన పరిశీలనలో ఇక్కడి ఐటీ ఉద్యోగుల్లో సగానికి దగ్గరగా జీవక్రియ రుగ్మత కనిపించింది. అంటే పొట్ట చుట్టూ కొవ్వు, రక్తపోటు, గ్లూకోజు, కొలెస్ట్రాల్‌ వంటి వాటిలో కనీసం మూడు గాడి తప్పాయి. అప్పటికే ఇలా ఉన్న ఒంటి మీద నెలల తరబడి ఒత్తిడి వచ్చి పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కనిపించని పని భారం

‘పేరు మార్చటానికి అంత పనేముంది?’ అని ఇంట్లోవారికి అనిపించొచ్చు. బోర్డు మార్చటం ఒక్క రోజు పనే. కంప్యూటర్లలో పేరు మార్చటం అలా కాదు. వెబ్‌సైట్‌ చిరునామా, వేలాది ఈమెయిల్‌ ఖాతాలు, లాగిన్‌ వ్యవస్థ, భద్రత సర్టిఫికెట్లు, ఇన్‌వాయిస్‌లు, యాప్‌లు, వాటిలోని ప్రతి తెర.. అన్నీ మార్చాలి. మార్చిన ప్రతిదాన్నీ మళ్లీ పరీక్షించాలి. పాత చిరునామాకు వచ్చేవారు దారి తప్పకుండా కొత్తదానికి మళ్లించాలి. ఖాతాదారులకు అంతరాయం కలగకూడదు కాబట్టి ఈ పనులను ఎక్కువగా శని, ఆదివారాల్లో, అర్ధరాత్రుళ్లు చేస్తుంటారు.

కొన్నైతే ఎప్పటికీ మారవు. ఫేస్‌బుక్‌ సంస్థ మెటా అయినా, ట్విటర్‌ ఎక్స్‌ అయినా వాటి ఆండ్రాయిడ్‌ యాప్‌ల లోపలి గుర్తింపులో ఇప్పటికీ పాత పేర్లే ఉంటాయి. ఎందుకంటే దాన్ని మారిస్తే అది కొత్త యాప్‌ కిందే లెక్క.

చిక్కేమిటంటే.. రోజువారీ పని ఆగదు. ఈ పని దాని మీద అదనం. అదీ పెద్దగా పేరు రాని పని. సరిగ్గా చేస్తే ఎవరికీ కనిపించదు, తేడా వస్తే అందరికీ కనిపిస్తుంది. పైగా ‘ఇప్పుడు కుదరదంటే లిస్టులో మన పేరు చేరుతుందేమో’ అని ఎవరూ నోరు మెదపరు. పని గంటలు పెరిగిపోతాయి. వారానికి 55 గంటలు, అంతకన్నా ఎక్కువ పనిచేసేవారికి.. 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35%, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17% ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో హెచ్చరించాయి. ఒకటి రెండు వారాలంటే ఫర్వాలేదు. నెలల తరబడి ఇలాగే సాగితే ఒళ్లు ఊరుకోదు.

పేరులో మనమూ ఉంటాం

మన దగ్గర ఉద్యోగమంటే జీతం మాత్రమే కాదు. ‘అబ్బాయి ఎక్కడ చేస్తున్నాడు?’ అని ఎవరైనా అడిగితే అమ్మానాన్నలు గర్వంగా చెప్పుకొనే పేరు. పెళ్లి సంబంధాల్లో, బ్యాంకు రుణాల్లో, అద్దె ఇంటి ఒప్పందంలో పనికొచ్చే పేరు. పదిహేనేళ్లు ఒకేచోట పనిచేసినవారికి ఆ పేరు పోవటం సొంతూరి పేరు మార్చినట్టే ఉంటుంది. కొత్త పేరు చెబితే ‘ఎప్పుడూ వినలేదే, చిన్న కంపెనీయా?’ అని అడిగేవారు తయారు. వయసు నలభై దాటినవారికి ఇది ఇంకాస్త గుచ్చుకుంటుంది. కాబట్టి పాత పేరు పోయినందుకు దిగులు పడితే అది వెర్రితనమేం కాదు, సహజం. నలుగురు సహోద్యోగులు కలిసి పాత రోజులు తలచుకొని నవ్వుకుంటే మనసు తేలికపడుతుంది. దిగులే లేదన్నట్టు నటిస్తే మాత్రం అది తలనొప్పిగానో, కోపంగానో బయటికొస్తుంది.

విదేశాల్లో ఉన్నవారి బెంగ మరో రకం. అమెరికాలో హెచ్‌1బీ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే మరోటి వెతుక్కోవటానికి సాధారణంగా దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులే. అందుకే కంపెనీలో చిన్న మార్పు వార్త వచ్చినా అక్కడి పిల్లలకే కాదు, ఇక్కడి తల్లిదండ్రులకూ నిద్ర ఉండదు.

ఏం చేయాలి?

తెలిసింది, తెలియనిది విడదీయండి: కాగితం మీద రెండు గళ్లు గీయండి. ఒకదానిలో కంపెనీ అధికారికంగా చెప్పినవి రాయండి. రెండో దానిలో విన్న పుకార్లు రాయండి. చాలామందికి రెండో గడే నిండిపోతుంది. మేనేజర్‌నో, హెచ్‌ఆర్‌నో అడగాల్సిన ప్రశ్నలు రెండు మూడు తేల్చుకొని నేరుగా అడగండి. ‘మా బృందం ఎవరి కింద పనిచేస్తుంది? నా ఉద్యోగ ఒప్పందంలో మార్పు ఉంటుందా? పాత సర్వీసు లెక్కలోకి వస్తుందా?’ అన్నవి తప్పులేని ప్రశ్నలు.

వాట్సప్‌ గ్రూపులకు హద్దు పెట్టండి: పుకార్లకు అవే పుట్టిళ్లు. రోజులో ఒకటి రెండు సార్లు చూస్తే చాలు. పడుకునే ముందు అసలే వద్దు.

చింతకు ఒక వేళ పెట్టండి: రోజూ సాయంత్రం 15-20 నిమిషాలు కేటాయించి మనసులోని భయాలన్నీ రాయండి. వాటిలో మన చేతిలో ఉన్నదానికి రేపు చేయాల్సిన పని పక్కన రాసుకోండి. మిగతా సమయంలో ఆలోచన వస్తే ‘దీని వేళ సాయంత్రం’ అని వాయిదా వేయండి. ఆందోళన తగ్గించటానికి మానసిక నిపుణులు సూచించే పద్ధతే ఇది.

నిద్రను కాపాడుకోండి: పెద్దవారికి కనీసం 7 గంటల నిద్ర కావాలి. రాత్రి ఎంత ఆలస్యమైనా పొద్దున లేచే వేళ మారనీయకండి. కాఫీ, టీలు మధ్యాహ్నం తర్వాత మానేయండి. కాఫీలోని కెఫీన్‌ సగం తగ్గటానికే దాదాపు 5 గంటలు పడుతుంది. ‘రెండు పెగ్గులేస్తే నిద్ర పడుతుంది’ అనుకోవటం పొరపాటు. మద్యంతో త్వరగా మగత వచ్చినా అర్ధరాత్రి దాటాక నిద్ర చెదిరిపోతుంది. నిద్ర మాత్రలు సొంతంగా కొని వేసుకోవద్దు.

నడవండి: వారానికి కనీసం 150 నిమిషాల వేగపు నడక గుండెకే కాదు, మనసుకూ మేలు. వీలైన ఫోన్‌ మీటింగులను నడుస్తూ వినొచ్చు. రోజూ కాసేపు నెమ్మదిగా ఊపిరి తీసుకొని, అంతకన్నా నెమ్మదిగా వదలటం సాధన చేయండి. గుండె దడ తగ్గుతుంది.

మందులు ఆపొద్దు: బీపీ, షుగర్‌ మందులు వాడేవారు హడావుడిలో వేళ తప్పొద్దు. వారానికోసారి ఇంట్లోనే బీపీ చూసుకోండి. మళ్లీ మళ్లీ 140/90, అంతకన్నా ఎక్కువ వస్తుంటే డాక్టర్‌ను కలవండి.

కాగితాలు సరిచూసుకోండి

భయానికి మంచి విరుగుడు సిద్ధంగా ఉండటమే. సగం రోజు కేటాయిస్తే పనైపోతుంది.

* పీఎఫ్‌: కంపెనీ పేరు మారినా యూఏఎన్‌ మారదు. పాస్‌బుక్‌లో నెలనెలా జమ పడుతోందో లేదో చూసుకోండి.
* వైద్య బీమా: కంపెనీ ఇచ్చే గ్రూపు బీమా ఉద్యోగంతోనే పోతుంది. విలీనం తర్వాత నిబంధనలూ మారొచ్చు. ముఖ్యంగా తల్లిదండ్రులకు రక్షణ కొనసాగుతోందో లేదో అడగండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే కుటుంబానికి సొంత పాలసీ తీసుకోవటం మేలు.
* మానసిక చికిత్స: మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 ప్రకారం శారీరక జబ్బుల మాదిరిగానే మానసిక జబ్బులకూ బీమా వర్తించాలి.
* డబ్బు: ఆరు నెలల ఖర్చు, వాయిదాలకు సరిపడా సొమ్ము పక్కన ఉంటే ఎంతో ధీమా. ఈ సమయంలో కొత్త కారు, పెద్ద అప్పు వాయిదా వేయటం మంచిది.
* పాత పత్రాలు: పేస్లిప్పులు, నియామక పత్రం, అనుభవ ధ్రువపత్రాలు సొంత ఈమెయిల్‌లో దాచుకోండి. కంపెనీ రహస్య సమాచారం మాత్రం తీసుకోవద్దు.

ఇంట్లోవారు ఏం చేయాలి?

‘ఏరా, మీ కంపెనీ పేరు మారిందట కదా, నీ ఉద్యోగానికేం కాదుగా?’ అని అమ్మ ఫోన్‌ చేసిన ప్రతిసారీ అడిగితే కొడుకు దగ్గర జవాబు ఉండదు. అతనికే తెలియదు కాబట్టి. ప్రేమతో అడిగిందే అయినా అది మరో పరీక్షలా అనిపిస్తుంది. దాని బదులు ‘తిన్నావా నాన్నా? ఆదివారం వస్తావా?’ అన్న మాట చాలు. బంధువుల ముందు ఈ చర్చ పెట్టకపోవటం ఇంకా మంచిది.

భార్యాభర్తల్లో ఒకరికి ఈ పరిస్థితి ఎదురైతే రెండోవారు సలహాలు ఇచ్చే ముందు వినటం ముఖ్యం. డబ్బు లెక్కలు ఇద్దరూ కలిసి ఒక్కసారి వేసుకుంటే, రోజూ దాని మీద మాటామాటా పెరగదు. ఉద్యోగం చేసే మహిళల మీద ఇల్లు, ఆఫీసు రెండూ ఉంటాయి. రాత్రి కాల్స్‌ ఉన్న నెలల్లో వంట, పిల్లల చదువు బాధ్యతను భర్త, అత్తమామలు పంచుకోవాలి. పిల్లలు ఇంట్లో గాలిని ఇట్టే పసిగడతారు. ‘నాన్న ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. నీ మీద కోపమేం లేదు’ అని వారి వయసుకు తగ్గట్టు చెబితే తామేదో తప్పు చేశామని బెంగ పడరు.

డాక్టర్‌ను ఎప్పుడు కలవాలి?

రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవటం, ఆకలి తగ్గటం, ఒట్టి నీరసం ఉంటే అది మామూలు ఒత్తిడి కాకపోవచ్చు. కుంగుబాటు కావొచ్చు. వారానికి మూడు రాత్రుల కన్నా ఎక్కువగా నిద్ర పట్టక, పగటి పనులు దెబ్బతింటున్నా ఆలస్యం చేయొద్దు. మాటలతో చేసే చికిత్స, అవసరమైతే మందులతో ఇవి చాలావరకు నయమవుతాయి.

ఛాతీలో బరువు, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకటం, చెమటలు, ఆయాసం ఉంటే ‘గ్యాస్‌లే, టెన్షన్‌లే’ అని కొట్టేయొద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

‘నేను లేకపోతేనే నయం’ అన్న మాట ఎవరి నోటి నుంచి వచ్చినా తేలికగా తీసుకోవద్దు. వారిని ఒంటరిగా వదలొద్దు. కేంద్ర ప్రభుత్వ టెలిమానస్‌ సేవ 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్‌ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.

కంపెనీకి పేరు మార్చటానికి ఒక బృందం ఉంటుంది, బడ్జెట్‌ ఉంటుంది, తేదీ ఉంటుంది. అందులో పనిచేసేవారి నిద్రకు, గుండెకు అలాంటి ఏర్పాటేదీ ఉండదు. ఆ బాధ్యత మనమే తీసుకోవాలి. ఈ వారంలో ఒకసారి బీపీ చూసుకోవటం, బీమా కాగితం తీసి చదవటం, మనసులో మాట ఇంట్లో ఒకరికి చెప్పటం.. ఈ మూడింటితో మొదలుపెడితే చాలు.